విశ్వవిద్యాలయం, కంపెనీ, అసైన్డ్ భూమి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి కొన్ని ప్రశ్నలు

విశ్వవిద్యాలయాలూ కంపెనీలూ కలిసి పనిచేస్తే కొత్త ఆవిష్కరణలు పుడతాయనీ, వాటితో ఊళ్ళు బాగుపడతాయనీ చాలాకాలంగా వింటున్నాం. ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధన మీద విశ్వవిద్యాలయాలే పేటెంటు తీసుకునే వీలు అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం కల్పించింది. అప్పట్నుంచి ఈ మాట దేశదేశాలూ తిరిగింది. సరే, కలవనీ. ఆ కలయికలో దళితులు ఏ హోదాలో ఉన్నారు? ఇదీ మా ప్రశ్న. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మూడు ఊళ్ళ చరిత్ర నుంచే దాన్ని అడుగుతున్నాం.

ఈ ఊళ్ళను కలిపేది పట్టు. పల్లెల్లో మల్బరీ తోటలు, హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు, ధర్మవరంలో మగ్గాలు. హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధనాభివృద్ధి సంస్థ ఉంది. పురుగుల్ని చంపే వైరస్‌ను తట్టుకునే పట్టుపురుగును జన్యుమార్పిడితో తయారుచేసిన పరిశోధన 2013లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. అందులో హైదరాబాదు డీఎన్ఏ కేంద్రం వాళ్ళు, ఫ్రాన్సు వాళ్ళతోపాటు కిరికెర శాస్త్రవేత్తలూ ఉన్నారు. కరువు సీమకు ఇది గౌరవమే.

ఐతే విజ్ఞానం గాల్లో నిలబడదు, భూమ్మీద నిలబడుతుంది. 1990లలో జపాన్ సహకారంతో మైసూరు పరిశోధన సంస్థ బైవోల్టీన్ సంకరజాతుల్నీ, వి-1 మల్బరీనీ తెచ్చింది. పట్టు నాణ్యత పెరిగింది. కానీ ఆ పురుగు సుకుమారం. దానికి వేరే షెడ్డు కావాలి, వేడీ తేమా అదుపులో ఉండాలి, తోటకు నీళ్ళు తప్పకూడదు. అంటే బోరున్నోడికే కొత్త విజ్ఞానం. మెట్ట చెక్క తప్ప ఏమీ లేని మాల, మాదిగ కుటుంబానికి దక్కేది ఆకు కోసే కూలి. ఆకు లేతదో ముదురుదో, పురుగు ఎప్పుడు మేత మానేస్తుందో కూలి మనిషికి చూపుతోనే తెలుస్తుంది. పరిశోధన పత్రాల్లో ఆమె పేరుండదు.

మగ్గం సంగతీ అంతే. మాలలు ముతక బట్ట నేసేవాళ్ళని 1909లో థర్‌స్టన్ రాశాడు. మిల్లు బట్ట వచ్చి ఆ మగ్గాన్ని ఆపేసింది. ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు దొరికింది, దొరకాల్సిందే. ముతక బట్ట నేసిన చేతుల కోసం మాత్రం ఏ ప్రయోగశాలా వెలవలేదు.

భూమి దగ్గరికొద్దాం. హిందూపురానికి దగ్గరగా చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట 2008-09 ప్రాంతంలో 8,844 ఎకరాలు ఒక ప్రైవేటు కంపెనీకిచ్చారు. చదువు, పరిశోధన, పరిశ్రమ ఒక్కచోట అన్నారు. ఆ భూముల్లో పేదల అసైన్డ్ పట్టాలూ ఉన్నాయి. నాలెడ్జ్ రాలేదు. భూములు బ్యాంకుల్లో తాకట్టుకెళ్ళాయి, సీబీఐ కేసు నడిచింది. అసైన్డ్ భూమిని పేదోడు అమ్మకూడదని 1977 చట్టం కట్టడి చేసింది. సర్కారు తీసుకుంటే మాత్రం పట్టాదారుతో సమానంగా పరిహారమివ్వాలని మేకల పాండు కేసులో 2004లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళు నిండితే అమ్ముకోవచ్చని 2023లో సవరణ తెచ్చారు. అప్పటికి లేపాక్షి భూములు చేయిదాటి పద్నాలుగేళ్ళు! భూమీ, కీలక పరిశ్రమలూ రాజ్యం చేతిలో ఉండాలని 1947లో అంబేడ్కర్ కోరాడు. ఇక్కడ రాజ్యమే పేదోడి నుంచి తీసుకుని కంపెనీకి అప్పజెప్పింది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ నిజంగానే వచ్చింది. కియా 2017లో ఒప్పందం చేసుకుని 2019లో కార్లు తీసింది. 2023 జులైకి పది లక్షలు దాటింది. ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకివ్వాలనీ, తగినవాళ్ళు దొరక్కపోతే మూడేళ్ళలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలనీ రాష్ట్రం 2019లో చట్టం చేసింది. కాలేజీలూ కంపెనీలూ నిజంగా కలవాల్సిన చోటు ఇదే. కానీ ఆ 75లో ఎస్సీలెంతమంది అని లెక్కగట్టే నిబంధన లేదు. 'స్థానికుడు' అనే మాట కింద కులం దాక్కుంటుంది.

అనంతపురంలో 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాకే మాలాంటి కుటుంబాల పిల్లలకు పైచదువు అందుబాటులోకొచ్చింది. కాబట్టి మేము విశ్వవిద్యాలయానికి శత్రువులం కాము. కంపెనీ వద్దనీ అనడం లేదు. మేము అడిగేది మూడే. విశ్వవిద్యాలయం కంపెనీతో రాసుకునే ప్రతి ఒప్పందాన్నీ బయటపెట్టాలి. అందులో దళిత పరిశోధకుల, శిక్షణార్థుల, ఉద్యోగుల లెక్క ఉండాలి. భూమి పోయినోళ్ళకు పరిహారంతోపాటు వాటా ఉండాలి. ఇవి లేకుంటే 'ఆవిష్కరణ' అంటే మన భూమిని, మన చేతి విద్యను కొత్త పేరుతో తీసుకోవడమే.