కలివి కోడి ఎవరికి కనబడలేదు?

కలివి కోడి అనే పక్షి గురించి రాసేవాళ్లందరూ ఇంచుమించు ఒకే కథ చెబుతారు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూశాక పక్షి మాయమైంది, అంతరించిందనుకున్నారు, 1986లో కడప దగ్గరి సిద్ధవటం వైపు మళ్లీ దొరికింది. కథ రక్తి కడుతుంది గానీ, ఆ ఎనభై ఆరేళ్లూ అది ఎవరి కంట పడలేదో అందులో ఉండదు.

తొలినాళ్ల మీద పేచీ లేదు. మద్రాసు సైన్యపు వైద్యుడు థామస్ జెర్డాన్ సంపాదించిన పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికెక్కించాడు. నెల్లూరు, కడప కొండసీమలను దాని ఉనికిపట్టుగా జెర్డాన్ రాశాడు. తర్వాత ప్రకృతి శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ దాన్ని గోదావరి వైపు చూశాడు.

చిక్కంతా 1900 తర్వాతే. కోలారు బంగారు గనుల దగ్గర పశువైద్యం చేసిన ఎర్నెస్ట్ మీటన్ 1917లో సేకరించిన గుడ్డొకటి స్కాట్లండులోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియానికి చేరి, ఎవరి దృష్టికీ రాకుండా పడి ఉంది. దాన్నుంచి డీఎన్‌ఏ తీసి, దాచిన పాత పక్షి నమూనాల డీఎన్‌ఏతో పోల్చి, అది కలివి కోడి గుడ్డేనని తేల్చారు. ఆ సంగతి 2013లో అచ్చయింది. ఒక్క గుడ్డుతో ఆ సీమంతా పక్షులున్నాయని అనలేం. కానీ మాయమైందన్న కాలంలో అది గుడ్లు పెడుతూనే ఉందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

రెండో సాక్ష్యం మనవాళ్లది. కలివి కోడి రాత్రి తిరిగే పక్షి. పగలు వెతికేవాడికి చిక్కదు. పక్షి పరిశోధకుడు భరత్ భూషణ్ దాని బొమ్మలు పట్టుకుని ఊళ్లలో అడిగితే గుర్తుపట్టినవాళ్లున్నారు. 1986 జనవరిలో దాన్ని పట్టింది ఐతన్న అనే పిట్టల వేటగాడు, అదీ రాత్రిపూట, దీపం వెలుగులో. ఆ పక్షి కొద్దిరోజులకే చచ్చిపోయింది. శాస్త్రానికి పోయిన పిట్టకు ఊళ్లో పేరుండటాన్ని మన చరిత్రకారులు ఒక ముచ్చటగా చెప్పి వదిలేస్తారు. నా లెక్కలో అసలు ఆధారం అదే.

తర్వాత పరిశోధకులు జగన్నాథన్, రైస్ గ్రీన్ తదితరులు చేసిన పని కథను మరో మలుపు తిప్పింది. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి వాటి మీద మూడు వేళ్ల అడుగుల కోసం చూశారు. పొద్దుగూకాక కాసేపే వినిపించే దాని కూతను రికార్డు చేసి, వినిపించి, బదులు వస్తుందేమోనని చెవి పెట్టారు. తేలిందేమంటే, హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు, వెయ్యిలోపు చిన్న పొదలు ఉన్నచోటే దీని అడుగులు పడే అవకాశం ఎక్కువ. మరీ బోడినేలా కుదరదు, మరీ చిక్కటి కంపా కుదరదు. గొర్రెలు మేసి, ఊరివాళ్లు కట్టెలు కొట్టుకునే చిట్టడవి చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. మేపు మితిమీరితే నేల బోడిదవుతుంది, నిజమే. అయినా కాపరిని శత్రువుగా చూసే అడవి సంరక్షణకు ఈ పక్షి విషయంలో నేను ఒప్పుకోలేను.

ఈ పక్షి కోసం 1988లో 464 చదరపు కిలోమీటర్లతో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అందులో ఎక్కువ భాగం కొండ; పక్షి కోరేది కొండ మొదట్లోని పలచటి కంపనేల. సేద్యానికీ తోటలకీ అక్కరకొచ్చేది కూడా ఆ నేలే. బ్రహ్మంగారిమఠం దగ్గర బ్రహ్మంసాగర్ జలాశయాన్ని నింపే తెలుగుగంగ పథకం కాలువే 2005లో పక్షి తావుల్లోకి తవ్వుకుంటూ వచ్చింది. అభ్యంతరాలొచ్చాక దారి మార్చారు. నీళ్లు వద్దనే హక్కు ఈ కరువుసీమలో ఎవరికీ లేదు. దారి మార్చగలిగినప్పుడు ముందే ఎందుకు మార్చలేదన్నదే నా అభ్యంతరం.

2009 తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి ఖాయమైన కబురు లేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దాని కూతను రికార్డు చేశారు. దాన్నీ ‘మళ్లీ కనుగొన్నారు’ అంటూనే పత్రికలు రాశాయి. సంతోషమే. కానీ ఒక బృందం వచ్చి విని వెళ్లడం సరిపోదు. కంపనేల ఎంత మిగిలింది, అందులో మేపు ఎంత సాగుతోంది అన్న లెక్క ఏటా తీయాలి. ఆ లెక్కకు మందల వెంట తిరిగేవాళ్లను జీతమిచ్చి పెట్టుకోవాలి.