దోహదము : పదము, ఆచారము

నేటి తెలుగున ‘దోహదము’ అనగా సహాయము, ప్రోత్సాహము. ఈ పదమునకు మూలార్థము గర్భిణి కోరిక. తల్లిదొకటి, శిశువుదొకటి, రెండు హృదయము లామెయం దుండునను భావముతో వైద్యగ్రంథములు దీనిని ‘దౌహృదము’ అని వ్యవహరించినవి. తెలుగున ‘వేవిళ్లు’ అను దేశ్యపదము కలదు. వికారము, అరుచి, కోరిక మూడును అందులోనే ఇమిడియున్నవి.

చరకసంహిత మూడవ నెలయందును, సుశ్రుతసంహిత నాలుగవ నెలయందును ఈ దశను నిర్దేశించినవి. కోరిక తీర్పనిచో కుబ్జుడో, జడుడో, వామనుడో పుట్టునని సుశ్రుతుని హెచ్చరిక. రాజదర్శనము కోరిన తల్లికి భాగ్యవంతుడగు కుమారుడు కలుగునట. కోరిక తీవ్రమైనచో, అహితమైనదానిని సైతము హితమైనదానితో కలిపి ఈయవచ్చునని చరకుడు సడలింపు నిచ్చినాడు. ఈ మన్ననకు కారణము విచార్యము. గౌరవింపబడినది స్త్రీ ఇచ్ఛ కాదు. ఆమె ముఖమున పలుకు శిశువు ఇచ్ఛ.

కథావాఙ్మయమును ఇట్లే నడచినది. చందుర్తికి చేరువనున్న వేములవాడ 10వ శతాబ్దమున చాళుక్యుల రాజధాని. సోమదేవసూరి వంటి జైనాచార్యు లచ్చటి ప్రభువుల ఆదరము పొందిరి. ఆ జైనుల ఆగమములలో నొకటియగు ‘నాయాధమ్మకహాఓ’ యందు ధారిణీదేవి అకాలమేఘములను కోరినది. పుట్టిన బిడ్డ మేఘకుమారు డైనాడు. బౌద్ధకథలో అజాతశత్రుని తల్లి భర్త రక్తమును కోరుట, ఆ బిడ్డ పితృహంత యగునని సూచించుటకే. రామాయణమున సీత తపోవనములను చూడగోరినది. ఆ కోరికయే ఆమెను విడనాడుటకు సాధన మైనది. భవభూతియు ‘ఉత్తరరామచరితము’న ఈ విషాదమును నిలిపినాడు.

ఇక అర్థపరిణామము. యువతి పాదతాడనమున అశోకము పుష్పించునను కవిసమయము ‘మాళవికాగ్నిమిత్రము’ మూడవ అంకమున ప్రసిద్ధము. చెట్టునకు పెట్టు ఎరువును, ధూపమును సైతము దోహదమే. పెంపునకు తోడ్పడునది యను నేటి అర్థము ఈ మార్గముననే ఏర్పడినదని ఊహింపవచ్చును. పదము నిలిచినది, గర్భిణి దానినుండి తొలగిపోయినది.

ఆచారమున కోరికకంటె నిషేధమునకే బలమెక్కువ. పుట్టింటివారు చలిమిడి తెత్తురు, సీమంతము జరుపుదురు. ‘వేడి’ అను పేర అనేకములను మాన్పింతురు. వానిలో ముఖ్యము బొప్పాయి. ఇది అమెరికాఖండమునుండి 16వ శతాబ్దమున ఐరోపావారి నౌకలమీద భారతదేశమునకు వచ్చిన ఫలము. కావున ఈ నిషేధమును సనాతనమనుటకు వీలులేదు. పాత శీతోష్ణభావనలో క్రొత్త ఫలమును చేర్చుకొనిరనుట సమంజసము. పచ్చికాయ పాలు ఎలుకల గర్భాశయమును సంకోచింపజేయునని, పండిన గుజ్జునకు ఆ గుణము కనబడలేదని 2002లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఆచారము ఈ భేదమును పాటింపలేదు.

కాళిదాసు ‘రఘువంశము’ మూడవ సర్గమున సుదక్షిణ మన్ను తిన్నది. మట్టి వాసనగల ఆమె మోమును దిలీపుడు ప్రీతితో ఆఘ్రాణించెను. పుట్టబోవు కుమారుడు భూమి నేలునని కవి సమర్థన. మన్ను తినుటకును రక్తహీనతకును సంబంధము కలదని నేటి వైద్యము గుర్తించినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమందలి గర్భిణులలో 52.2 శాతము రక్తహీనులుగా తేలిరి. తెలంగాణమున 2015లో ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము అంగన్‌వాడీలలో గర్భిణులకు పూర్తి భోజనము, గ్రుడ్డు, పాలు సమకూర్చుట కుద్దేశింపబడినది.

కవి మన్నులో రాజ్యమును చూచెను. వైద్యుడు కోరికలో శిశువును చూచెను. ఇల్లు నిషేధమును చూచెను. ఆ మూడింటిలోను తల్లి దేహావసరము మరుగుపడినది. దోహదసాహిత్యమును పరిశీలించువారు కవిసమయములతో తృప్తిపడక, ఆ మరుగుపడినదానిని వెలికితీయుట అవసరము.