బొగ్గుబాయిలో కండెన్సరు

1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనుటయు, 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ ఏర్పడుటయు, 1920లో దాని స్థానమున సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుటయు, 1960 ప్రాంతమున రామగుండము చెంత తెఱచిన గనులచుట్టు గోదావరిఖని వెలయుటయు అందఱెఱిగిన చరిత్రయే. ఆ బాయిలలో బొగ్గు పగులుటకై మందుగుండ్లు ప్రేల్చు షాట్‌ఫైరరు చంకన వ్రేలాడు ఎక్స్‌ప్లోడరను చిన్నపెట్టె చరిత్రమాత్రము ఎవ్వరును చెప్పరు. తట్టా చెమ్మసులతో బొగ్గెత్తు ఫిల్లరుకు నాటి కూలి దక్కుట ఆ పెట్టె సరిగా పనిచేయుటమీదనే ఆధారపడియుండెను.

1831లో ఇంగ్లండున బిక్‌ఫర్డు కనిపెట్టిన వత్తిని నిప్పుతో ముట్టించుట, గాలిలో నూటికి 5 మొదలు 15 పాళ్లవఱకు మిథేను కలసినచో ప్రేలుడు సంభవించు బొగ్గుగనికి తగినది కాదు. పిదప వచ్చిన డైనమో పెట్టెలో విద్యుత్తు త్రిప్పువాని భుజబలము ననుసరించెడిది. చేయి మందగించినచో కొన్ని మందుగుండ్లు పేలి, కొన్ని పేలక బొగ్గులోనే మిగిలెడివి. అట్లు మిగిలినదానికంటె భయంకరమైనది గనిలో వేఱొకటి లేదు.

విద్యుదావేశమును దాచుకొను కండెన్సరు ఈ చిక్కును తీర్చినది. చేతితో త్రిప్పు యంత్రము గాని బ్యాటరీ గాని దానిని మెల్లమెల్లగా నింపును. తగిన వోల్టేజి చేరినట్లు దీపము తెలుపును. మీట నొక్కగనే అది నింపు వలయమును వీడి మందుగుండ్లను ప్రేల్చు డెటొనేటర్ల వలయమును కలియును. కండెన్సరు వోల్టేజి క్షణములో మాఱజాలదు గావున, క్రొత్త వలయముపై దాని సంపూర్ణబలము ఒక్కసారిగా పడును. సెకండ్లకొలది కూర్చిన శక్తి మిల్లీసెకండ్లలో వెలువడును. వాయువుగల గనులకై చేసిన పెట్టెలలో ఆ ప్రవాహమును 4 మిల్లీసెకండ్లలోనే త్రెంచుదురు. ప్రేలుడుకు తీగలు చెదరి ఒండొంటిని తాకునాటికి వానిలో విద్యుత్తు ఉండరాదు.

 

పెట్టె పిడిని షాట్‌ఫైరరు తనయొద్దనే ఉంచుకొనవలెననియు, కేబులును డెటొనేటరు తీగలకు ముందు, పెట్టెకు కట్టకడపట కలుపవలెననియు నియమము. డైనమోకు పిడి తీయుటయే చాలును. త్రిప్పుట ఆగగనే అది నిర్జీవము. కండెన్సరన్ననో, పిడి తీసిన పిదపను ఆవేశమును దాచుకొనియుండును. అందుచేత మిగిలిన ఆవేశమును లోపలనే ఒక నిరోధకముగుండ హరింపజేయు ఏర్పాటు కావలసివచ్చినది. ఆ పెట్టెలో నాకు మిక్కిలి శ్లాఘ్యముగా తోచునది ఆ నిరోధకమే.