పాత బండ్లు - బ్రేకు షూలు: మన డెల్టా అనుభవం



మన ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితానికి సంబంధించిన చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. పే కమిషన్ల గురించి, సమ్మెల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. మాది ముదినేపల్లి. నేను 1967లో మచిలీపట్నంలో ఒక ప్రభుత్వ శాఖ వాహనాల షెడ్డులో హెల్పరుగా చేరి, 2004లో ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసినవాణ్ణి. నా చేతికి బాగా తెలిసిన పని బ్రేకులు. కనుక దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. బండిని నడిపించే ఇంజను గురించి అందరూ చెబుతారు గాని, దాన్ని ఆపే అరచేతి వెడల్పు కూడా లేని ముక్క గురించి చెప్పేవారు తక్కువ.

పాత బూటు నుంచి ఫెరోడో దాకా

మనది చదును నేల. ఎద్దుబండికి బ్రేకు అక్కరలేదు. పగ్గం లాగితే చాలు. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండ ప్రాంతంలో అలా కాదు. అక్కడి గుర్రపు బండ్ల వాళ్లు దిగుడులో బండి దూసుకుపోకుండా పాత బూట్లను చక్రానికి ఒత్తిపెట్టేవారట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో మెరుగైన బ్రేకు దిమ్మెల తయారీ మొదలుపెట్టాడు. తన పేరులోని అక్షరాలను అటూ ఇటూ మార్చి, ఒక అక్షరం కలిపి పెట్టిన పేరే ‘ఫెరోడో’. మన షెడ్లలో చాలాకాలం లైనింగు అంటే ఫెరోడోయే. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును కార్లకు పనికివచ్చేలా రూపొందించాడు. చక్రంతోపాటు తిరిగే ఇనుప డ్రమ్ము, దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు, వాటిపైన రాపిడికి ఓర్చే లైనింగు - ఈ అమరిక నూరేళ్లు దాటినా మారలేదు. షూలను తోసే పద్ధతే మారింది. మొదట కడ్డీలు, తీగలు ఉండేవి. 1920ల నుంచి నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. ఫోర్డు కార్లకు మాత్రం 1938 దాకా కడ్డీ, తీగ బ్రేకులే.

విడిభాగాలకు కరువు ఎందుకు వచ్చింది?

ఫోర్డు 1926లోను, జనరల్ మోటార్స్ 1928లోను మన దేశంలో బండ్లు బిగించడం మొదలుపెట్టాయి. ఆ రోజుల్లో బందరు, గుడివాడ రోడ్లపై తిరిగిన బస్సుల్లో, మోతుబరుల కార్లలో చాలావరకు విదేశీ బండ్లే. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు మీద, విడిభాగాలు క్రమంగా ఇక్కడే తయారుచేసే పథకం ఉన్న కంపెనీలకే చోటు అని ప్రభుత్వం నిర్ణయించింది. దాంతో ఆ రెండు కంపెనీలూ మూటాముల్లె సర్దుకున్నాయి. 1957 నాటి విదేశీ మారక ద్రవ్య సంక్షోభంతో దిగుమతి లైసెన్సులు ఇంకా బిగిశాయి. బండ్లు ఇక్కడ మిగిలిపోయాయి, వాటి షూలు సముద్రం అవతల ఉండిపోయాయి.

ఇదే సమయంలో మన జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణ వ్యవహారం నడిచింది. కృష్ణా జిల్లా ప్రైవేటు బస్సు యజమానులు ఆర్టీసీ పథకంపై సుప్రీంకోర్టుకు వెళ్లారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర పుస్తకాలకెక్కిన వ్యాజ్యం అదే. అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయించింది మరొకరు కనుక చెల్లదని 1958 నవంబరులో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. మళ్లీ విచారణ జరిపి చేసిన ఉత్తర్వు 1959లో నిలబడింది. ఇందులో నా పనికి సంబంధించిన సంగతి ఒకటుంది. పెద్ద సంస్థ ఒకే రకం బస్సులు పెట్టుకుని, వాటి షూలు, లైనింగులు స్టోర్సులో నిల్వ చేసుకోగలదు. రకానికొక బండి ఉన్న చిన్న యజమానికి, మా షెడ్డులాంటి చోటుకు ఆ వసతి లేదు. మాకు దిక్కు మేస్త్రీల చేతులే.

ఇనుము చావదు

నేను చేరిన కొత్తలో మా మేస్త్రీ గారు చెప్పిన మొదటి పాఠం ఇది: “ఒరే అబ్బాయ్, ఇనుము చావదు, దాని పైతోలే చస్తుంది. షూ పారేశావంటే మళ్లీ దొరకదు.” పాత బండికి బ్రేకు షూలు మార్చడమంటే చాలాసార్లు అదే షూకు కొత్త లైనింగు తొడగడమే.

పని వరస ఇది. ఉలితో పాత రివిట్ల తలలు తీసి లైనింగు ఊడదీయాలి. షూ వంగిందా, పగిలిందా చూడాలి. డ్రమ్ములో గీతలు పడి ఉంటే లేతు మీద సాపు చేయించాలి. సాపు చేసిన కొద్దీ డ్రమ్ము లోపలి కొలత పెరుగుతుంది కనుక లైనింగు మందం ఆ మేరకు పెంచాలి. లేకపోతే షూ నడుమ మాత్రమే తగిలి బ్రేకు సగమే పడుతుంది. తగిన అచ్చు లైనింగు దొరకనప్పుడు పెద్ద బండి లైనింగు తెచ్చి కోసి, రంధ్రాలు వేసేవాళ్లం. రివిట్లు మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు వేయాలి. చివరల నుంచి వేస్తే లైనింగు నడుమ ఉబ్బుతుంది. రివిట్ తల లైనింగులోకి దిగి ఉండాలి. ఆ తల పైకి తేలిన రోజున డ్రమ్ము పని అయిపోయినట్లే.

బిగించేటప్పుడు ఏ షూ ఎటు వైపుదో తెలియాలి. డ్రమ్ము తిరిగే వేగమే ఒక షూను లోపలికి లాక్కుని ఒత్తిడి పెంచుతుంది. రెండో షూకు ఆ సాయం ఉండదు. పాత విల్లీస్ జీపులో ఒక షూ లైనింగు పొడవు, ఒకటి పొట్టి. పొడవుది బండి ముందు వైపుకు రావాలి. అంబాసిడర్ ముందు చక్రాల్లో చక్రానికి రెండు సిలిండర్లుండి, రెండు షూలూ ఆ సాయం అందుకునేలా చేశారు. చివరగా పైపుల్లోని గాలి తీయాలి. మాస్టరు సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. రబ్బరు వాషర్లను పెట్రోలుతో కడిగితే ఉబ్బిపోయి బ్రేకులు పట్టేస్తాయి. వాటికి బ్రేకు ఆయిలు తప్ప మరొకటి తగలనివ్వకూడదు.

1959లో పంచాయతీ సమితులు వచ్చాక సమితి జీపు అంటే పల్లెల్లో ప్రభుత్వానికి గుర్తుగా ఉండేది. ఆ జీపుల్ని ముప్పై ఏళ్లకు పైగా నడిపించింది ఇలాంటి చేతిపనే.

ఉప్పునీరు

కొండ ప్రాంతంలో బ్రేకుకు శత్రువు వేడి. మన దగ్గర శత్రువు నీరు. తడిసిన లైనింగు జారుతుంది. కాలవ గట్ల మీద, కొల్లేటి నీరు ఎక్కిన రోడ్ల మీద నీళ్లు దాటగానే పాత డ్రైవర్లు పెడల్ మీద మెల్లగా కాలు ఆన్చి కొంతదూరం నడిపేవారు. ఆ రాపిడికి లైనింగు ఆరేది. వర్షాకాలం రాత్రిళ్లు హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రం కింద ఇటుక పెట్టేవారు. తెల్లారేసరికి షూ తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుంటుందని.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. సహాయ పనులకు మా షెడ్డు బండ్లు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు వెళ్లాయి. రోడ్డెల్లా ఉప్పునీరు, ఇసుక, బురద. బియ్యం బస్తాలతో, మందులతో వెళ్లే బండి, రోడ్డు మీద కూర్చున్న జనం. అక్కడ బ్రేకు పడకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తిరిగొచ్చిన ప్రతి బండికీ రాత్రి డ్రమ్ములు విప్పి, ఉప్పు కడిగి, ఇసుక తుడిచి, తెల్లవారేలోగా బిగించి పంపాం. ఆ రోజుల్లో పనిచేసిన మెకానిక్కుల పేర్లు ఏ నివేదికలోనూ కనిపించవు.

దొరికే చోట్లు

క్రమంగా మన దేశపు లైనింగులు వచ్చాయి. మద్రాసులో 1964లో రాణే, 1974లో సుందరం బ్రేక్ లైనింగ్స్ కంపెనీలు ఏర్పడ్డాయి. ఇంకోవైపు బెజవాడ ఆటోనగర్ ఎదిగింది. లేతు, రివిటింగు, స్ప్రింగులు అన్నీ ఒక్కచోట దొరికే ఆ పేట మనకు పెద్ద ఆసరా అయింది. సికింద్రాబాదు రాణీగంజ్, మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డు కూడా మేము ఎక్కిన గడపలే.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. తండ్రి గారి కారు అని ముచ్చటపడి దాచుకున్న కుటుంబాలు మన వైపు ఇంకా ఉన్నాయి. వారికి నా సలహా: కారు పేరు చెప్పి వెతకవద్దు. పాత షూ చేతబట్టుకుని, డ్రమ్ము లోపలి కొలత, లైనింగు వెడల్పు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఒక ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి, ఒకే రకం లైనింగు వేయించండి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

ఒక ముఖ్య మనవి

ఆ కాలపు లైనింగుల్లో ఎక్కువ భాగం ఆస్‌బెస్టాస్ అంటే రాతినార. డ్రమ్ము విప్పగానే ఆ ధూళిని నోటితోనో, గాలి పంపుతోనో ఊదేవాళ్లం. ముక్కుకు గుడ్డ కట్టుకోమని మాకు ఎవరూ చెప్పలేదు. రాతినార క్యాన్సరు కారకమని ఆ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం తేల్చింది. ఆ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డులను చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా రిటైరయ్యాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు భద్రపరచాలని 1995 జనవరిలో మన సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎందుకంటే ఆ ధూళి వల్ల వచ్చే జబ్బులు బయటపడటానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్లు కూడా పట్టవచ్చు.

బ్రేకు పని చేసిన ప్రతివారికీ జబ్బు వస్తుందని నేను భయపెట్టడం లేదు. అయితే షెడ్లలో పనిచేసిన మన సభ్యులకు ఆయాసం, తగ్గని దగ్గు ఉంటే, “వయసు మీద పడింది” అని సరిపెట్టుకోవద్దు. ఫలానా కాలంలో బ్రేకు లైనింగుల పని చేశానని డాక్టరు గారికి తప్పక చెప్పండి. వారు చెప్పలేని స్థితిలో ఉంటే ఇంట్లో వాళ్లు చెప్పండి. ఇప్పుడు పాత కార్లు బాగుచేయించుకునేవారు ఆస్‌బెస్టాస్ లేని లైనింగు అడిగి తీసుకోండి. ధూళిని ఊదనివ్వకుండా తడిగుడ్డతో తుడిపించండి.

ఆనాటి షెడ్లలో పనిచేసిన మిత్రులు తమ అనుభవాలను, తాము పనిచేసిన సంవత్సరాలను సంఘానికి రాసి పంపితే అందరి వివరాలూ ఒకచోట ఉంటాయి. చరిత్రకూ పనికివస్తాయి, వైద్యానికీ పనికివస్తాయి.