పుర్రచేతివాడి చెకుముకి తుపాకి

చిన్ననాటినుండి నన్ను వెంటాడిన మాట ఒకటి ఉంది. అది 'సవ్యం'. సవ్యంగా కూర్చో, సవ్యంగా తిను, సవ్యంగా వ్రాయి. రెండవ తరగతిలో పలక మీద ఎడమచేత్తో అక్షరం దిద్దినప్పుడల్లా ఆ మాటతో పాటు బెత్తం దెబ్బ కూడా పడేది. చాలా ఏళ్ళ తరువాత నిఘంటువు తిరగవేస్తుంటే తెలిసింది: సంస్కృతంలో సవ్యమంటే ఎడమ! కుడిచేత్తోనే కాక ఎడమచేత్తో కూడా గాండీవం లాగగలడు కనుకనే అర్జునుడు సవ్యసాచి. జందెం ఎడమ భుజం మీద ఉంటేనే సవ్యం, కుడి భుజం మీదికి మారితే అపసవ్యం. ఎడమ అనే అర్థమున్న మాట తెలుగులో 'సరియైనది'గా స్థిరపడింది. ఎడమచేయి మాత్రం సరికానిదిగానే మిగిలింది.

ఇప్పుడు నేను వ్రాసేది కుడిచేత్తోనే. తక్కిన పనులన్నీ పుర్రచేత్తో. ఈ సొద ఇక్కడ ఎందుకంటే, ఈ టపాలో చెప్పబోయే కథంతా కుడి ఎడమల గురించే. తుపాకి దానికొక నెపం.

మేముండేది పెన్సిల్వేనియాలో. మా పొరుగున ఒక పెద్దాయన పాతకాలపు తుపాకులను స్వయంగా చేసుకొంటారు. ఒక ఆదివారం తమ చెకుముకి తుపాకిని నా చేతికిచ్చి గురి చూడమన్నారు. నేను అలవాటుగా దానిని ఎడమ భుజానికి ఆన్చాను. ఆయన చటుక్కున గొట్టం పట్టుకొని క్రిందికి దించేశారు. కారణం ఆ తుపాకి పనిచేసే తీరులోనే ఉంది.

చెకుముకి తుపాకికి మందూ గుండూ మూతి నుంచే కూరాలి. మన ఏజెన్సీ కొండల్లో నాటుతుపాకి అని పిలిచేది కూడా ఈ మూతిమందు జాతిదే. గొట్టం మడమవైపు కొసన, ప్రక్కగా సన్నని బెజ్జం ఉంటుంది. దానిని ఆనుకొని చిన్న దొన్నె. ఆ దొన్నెలో చిటికెడు మెత్తని మందు పోస్తారు. దీనికి మనవాళ్ళు పెట్టిన పేరు రంజకం. మీట నొక్కగానే కొక్కెంలో బిగించిన చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుకొంటూ దిగుతుంది, నిప్పురవ్వలు దొన్నెలో రాలుతాయి, రంజకం భగ్గుమంటుంది, ఆ మంట బెజ్జం గుండా లోపలి మందును అంటుకొంటుంది. ఈ యంత్రాంగమంతటినీ ఇంగ్లీషులో లాక్ అంటారు. దాదాపు ప్రతి తుపాకికీ లాక్ కుడిప్రక్కనే ఉంటుంది. కుడిచేతివాటం మనిషి చెంప కర్రకు ఎడమవైపున ఆనుతుంది కనుక మంటకూ ముఖానికీ నడుమ తుపాకే అడ్డు. ఎడమ భుజానికి ఆన్చినవాడి చెంప కుడివైపుకు, అంటే లాక్ ఉన్న వైపుకే వస్తుంది. రంజకం మండేది అతని కంటి ఎదుటే.

"నీలాంటివాళ్ళకు వేరే కిట్టు వెతకాలి," అన్నారు పెద్దాయన. ఆ వెతుకులాటలో నేను చదివిందీ, అడిగి తెలుసుకొన్నదీ ఈ వ్యాసం.

అమెరికా లాంగ్ రైఫిల్ పుట్టినిల్లు మాకు దగ్గరలోని లాంకాస్టర్ ప్రాంతం. పద్దెనిమిదవ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్‌ల నుండి వలస వచ్చిన తుపాకి పనివారు తమ దేశపు పొట్టి యేగర్ తుపాకిని ఇక్కడి అడవులకు తగినట్లు మార్చుకొన్నారు. గొట్టం పొడవైంది, గుండు చిన్నదైంది, మేపుల్ కర్ర సన్నబడింది. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్ళు గుండును బొంగరంలా తిప్పి వదిలేవి. 1740లో జర్మనీలో పుట్టి లాంకాస్టర్‌లో స్థిరపడిన జేకబ్ డికర్ట్ వీరిలో పేరుమోసినవాడు.

ఒక్కొక్క తుపాకినీ విడిగా, చేత్తో చేసిన రోజులు కదా, పుర్రచేతివాడు వచ్చి అడిగితే అద్దంలో బొమ్మలా తిప్పి చేసి ఉంటారని నేను అనుకొన్నాను. కాని ఆనాటి ఎడమచేతి తుపాకులు నేడు బహు అరుదు. దానికి ఒక కారణం పనివారి అంగట్లోనే కనిపిస్తుంది. కర్ర చెక్కేదీ, ఇత్తడి పోతపోసేదీ వారే అయినా, లాక్‌ను మాత్రం తరచుగా ఇంగ్లండు నుండో జర్మనీ నుండో దిగుమతైన సరుకులోంచి కొనేవారు. ఆ సరుకు కుడిచేతి వారికోసం చేసింది. తక్కిన తుపాకి అంతా పనివాడి ఇష్టం. బజారునుంచి వచ్చిన ఆ ఒక్క భాగమే ఏ చేతివాటమో నిర్ణయించింది.

సైన్యం సంగతి చెప్పనక్కరలేదు. భుజం భుజం రాసుకొంటూ వరుసగా నిలబడి కాల్చే పద్ధతిలో ఒక్కడు ఎడమప్రక్క లాక్ పెట్టుకొంటే బెజ్జంలోంచి చిమ్మే మంట ప్రక్కవాడి మీదికే. అందుకని కవాతు అందరినీ కుడిచేతివాళ్ళను చేసింది. ఆపైన యంత్రాలు వచ్చాయి. నమూనా కర్రను తడుముతూ అచ్చం అలాంటిదే చెక్కే యంత్రానికి థామస్ బ్లాంచర్డ్ 1819లో పేటెంటు పొందాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో అది పనికి కుదిరింది. నమూనా కుడిది, కనుక దాని సంతానమంతా కుడిదే.

ఈ కథలో ఎడమచేతివాడికి ఊరట ఒక్కచోట కనిపించింది. స్కాట్లండులో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే మతాచార్యుడు, దెబ్బ తగిలితే పేలే మందును తుపాకికి వాడే పద్ధతికి 1807లో పేటెంటు తీసుకొన్నాడు. ఆ దారిలోనే తరువాత రాగి టోపీ వచ్చింది. దొన్నె, రంజకం, చెకుముకి మూలబడ్డాయి. మంట తగ్గింది. దరిమిలా న్యూ ఇంగ్లండు పనివారు కొందరు సుత్తిని ప్రక్కన కాక గొట్టం అడుగున అమర్చారు. వెర్మాంట్‌కు చెందిన నికనార్ కెండాల్ వారిలో ఒకడు. అడుగుసుత్తి తుపాకికి కుడి ఎడమల భేదమే లేదు! దాని బొమ్మ చూసి చాలాసేపు అలా ఉండిపోయాను.

తరువాత వెనుకనుండి మందు పెట్టే తుపాకులు వచ్చి వీటన్నిటినీ అటకెక్కించాయి. మళ్ళీ క్రిందికి దించినవారు అభిరుచిపరులు. మూతిమందు తుపాకుల జాతీయ సంఘం 1933లో ఏర్పడింది. 1954లో టర్నర్ కర్క్‌లాండ్ టెన్నెసీలో డిక్సీ గన్ వర్క్స్ ప్రారంభించి విడిభాగాలను టపాలో అమ్మసాగాడు. వాలెస్ గస్లర్ పాతకాలపు పనిముట్లతో ఒక రైఫిల్‌ను ఇనుప రేకు కొలిమిలో కాల్చడం మొదలుకొని పూర్తిగా చేసి చూపిన విలియమ్స్‌బర్గ్ చలనచిత్రం 1969లో వచ్చింది. మరుసటి ఏడే థాంప్సన్ సెంటర్ కంపెనీ హాకెన్ రైఫిల్‌ను విడుదల చేసింది. దానిని కిట్టుగా కూడా అమ్మారు. 1968 నాటి సమాఖ్య చట్టం ఈ పాతపద్ధతి తుపాకులనూ వాటి నకళ్ళనూ మామూలు తుపాకుల లెక్కలోంచి మినహాయించడం ఈ ఇంటిపనికి దారి తెరిచింది. (మన దేశంలో అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మూతిమందు తుపాకికి కూడా లైసెన్సు ఉండాలి.)

ఇక అసలు విషయం. కిట్లు మూడు విధాలు. మొదటిదాంట్లో పని దాదాపు పూర్తయి ఉంటుంది: ఆకురాయితో రాసి, రంగు పూసి, మరలు బిగిస్తే చాలు. రెండవదాంట్లో కర్రను యంత్రం సుమారుగా చెక్కి, లాక్ కూర్చునే గూడు కూడా తొలిచి పెడుతుంది. మూడవది ఒక మేపుల్ పలక, గొట్టం, లాక్, గుప్పెడు ఇత్తడి ముక్కలు. తక్కినదంతా మన ఉలి పని.

ఎడమచేతివాడికి తెలిసేదేమిటంటే, కిట్టు ఎంత సిద్ధంగా ఉంటే అది అంత కుడిచేతిది. ఎనిమిది పలకల గొట్టానికి వాటం లేదు, బెజ్జం ఎటు తొలిస్తే అటే. మరలకు లేదు, పలకకు అసలే లేదు. చెంప ఆనే మిట్ట కుడికీ, గుడ్డముక్కలు దాచుకొనే పెట్టె మూత ఎడమకూ మారతాయి, అంతే. కాని లాక్ అలా కాదు. దాని పలక, కొక్కెం, స్ప్రింగులు, లోపలి పళ్ళు అన్నీ అద్దంలో ప్రతిబింబంలా వేరే పోతపోయాలి, వేరే అచ్చులు కావాలి. నూటికి పదిమంది కోసం అచ్చుల ఖర్చు ఎవరు భరిస్తారు? భరించినవారు లేకపోలేదు. సైలర్ నమూనా లాక్‌ను చాంబర్స్ సంస్థ ఎడమవాటంగా కూడా చేసింది. లైమన్ కంపెనీ తన గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్‌కు ఎడమచేతి రూపం ఇచ్చింది. అయితే కుడివైపు కిట్లలో ఉండే రకాలు ఎడమవైపు లేవు. నాకు నచ్చిన లాంకాస్టర్ తీరు కావాలంటే మూడవ దారే దిక్కయింది.

ఎడమవాటం లాక్ ఒకటి, పలక ఒకటి తెప్పించుకొన్నాను. రెండు చలికాలాలు గ్యారేజీలో గడిచాయి. పుస్తకాల్లోని బొమ్మలన్నీ కుడిచేతివే కనుక అద్దం ఎదురుగా పెట్టుకొని చూసేవాణ్ణి. ఇంత జాగ్రత్తపడీ ఒకనాటి రాత్రి లాక్ గూటికి పెన్సిలు గీత గీసి, ఉలి పట్టుకొని, సుత్తి ఎత్తబోతూ ఆగాను. గీత కుడిప్రక్కన ఉంది! పెన్సిలు పట్టింది కుడిచేయి. బెత్తం నేర్పిన ఆ చేతికి ఇంకో చోటు తెలియదు మరి. గీత చెరిపేసి, పలక తిప్పి, ఈసారి ఎడమచేత్తో గీశాను. వంకరగా వచ్చింది. అలాగే ఉంచాను.

నిరుటి వసంతంలో పెద్దాయన వెంట వెళ్ళి దానిని కాల్చాను. రంజకం అవతలిప్రక్క మండింది. నా చెంపకు తగిలింది కర్ర చల్లదనం మాత్రమే. గురి తప్పిందనుకోండి, అది వేరే సంగతి. ఆయన ముచ్చటపడి తుపాకి అందుకొని తమ కుడిభుజానికి ఆన్చుకొన్నారు. దొన్నె కంటిముందు కనబడగానే నవ్వి, మెల్లగా దించి, నాకు తిరిగి ఇచ్చేశారు. ఆ పూటంతా ఎవరి తుపాకి వారే కాల్చుకొన్నాం.