మరచెంబు, మోటారు కారు

రైలు ప్రయాణానికి మరచెంబులో మంచినీళ్ళు పట్టుకుని బయల్దేరే రోజులు పోయాయి గాని, ఆ చెంబు చాలా ఇళ్ళల్లో అటకమీద ఇంకా ఉంది. దాని మూత తీసి చూస్తే లోపల మెలికలు తిరిగిన గాడి కనిపిస్తుంది. దాన్నే మర అంటాం. ఇంట్లో రెండు మరచెంబులుంటే ఒకదాని మూత రెండోదానికి పట్టదు. బలవంతాన తిప్పితే రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. ఇంకా మొండికేస్తే మర అరిగిపోయి, ఆ మూత తన చెంబుక్కూడా పనికిరాకుండా పోతుంది. ఈ సంగతి తెలిసిన ఇల్లాలికి మోటారు కారు రోగాల్లో ఒకటి తెలిసినట్టే.

కారు ఇంజను అడుగున నూనె నిలవుండే తొట్టి ఒకటుంటుంది. మెకానిక్కులు ఛాంబరంటారు. దాని కింద ఒక నట్టు. పేరుకు నట్టు గాని నిజానికది బోల్టు. కొన్ని వేల మైళ్ళకోసారి దాన్ని విప్పి, నల్లబడ్డ నూనె వదిలేసి, మళ్ళీ బిగించి కొత్త నూనె పోస్తారు. కారు పాతదైతే ఆ బోల్టును ఎన్ని చేతులు విప్పాయో, ఎన్ని చేతులు బిగించాయో! బిగించిన ప్రతివాడికీ వదులుగా ఉందేమోనన్న భయమే. ఇంకో పావు చుట్టు, మరో పావు చుట్టు. ఒకనాడు అది బిగియడం మానేసి ఊరికే తిరుగుతుంది.

మా ఇంట్లో పాత అంబాసిడరు ఉంది. మావారికి దానిమీద ప్రాణం. ఆ మధ్య నిజామాబాదులో ఒక వర్క్‌షాపులో నూనె మార్పించుకొచ్చాక, పొద్దున్నే నేను పెట్టిన ముగ్గుమీద నల్లటి చుక్కలు పడటం మొదలైంది. కారు కింద దూరి చూసిన మేస్త్రీ బయటికొచ్చి, "చూడీ ఖతమైందమ్మా" అన్నాడు. నేను అప్రయత్నంగా నా చేతి గాజుల వంక చూసుకున్నాను. ఉర్దూలో చూడీ అంటే గాజే కదా! చార్మినారు దగ్గరి గాజుల బజారును చూడీ బజారనే అంటారు. సంగతేమిటంటే, బోల్టు మరను కూడా వాళ్ళు చూడీ అనే అంటారు. చూడండి, బోల్టు ఒంటిమీది చుట్లు మోచేతిదాకా తొడిగిన గాజుల్లాగే ఉంటాయి.

చుక్కలు పడితే ముగ్గు పాడవుతుంది, అంతే. కాని దారిలో ఆ బోల్టు ఊడిపడితే నూనెంతా రోడ్డుపాలై, నిమిషాల్లో ఇంజను పట్టేస్తుంది. తిరిగి బాగుచేయించాలంటే నెల జీతం చాలదు.

ఈ గాజుల చరిత్ర చిన్నదేం కాదు. రెండువందల ఏళ్ళ కిందటిదాకా బోల్టులన్నీ మన మరచెంబు మూతల్లాంటివే. దేని నట్టు దానిదే. 1800 ప్రాంతంలో లండనులో హెన్రీ మాడ్స్‌లే అనే ఆయన మరను ఒకే తీరున కోసే లేతు యంత్రం తయారుచేశాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులోని వర్క్‌షాపుల నుంచి బోల్టులు పోగుచేసి, కొలిచి, సగటు తీశాడు. ఇంత లావు బోల్టుకు అంగుళానికి ఇన్ని చుట్లు, గాడి కోణం 55 డిగ్రీలు అని 1841లో లెక్క కట్టాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ అనే ఆయన, కాదు 60 డిగ్రీలన్నాడు. తేడా అయిదు డిగ్రీలే. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన బ్రిటిషువాళ్ళ బోల్టులు అమెరికావాళ్ళ నట్లకు పట్టలేదు. అంత అవస్థ పడ్డాక 1948 నవంబరు 18న వాషింగ్టనులో బ్రిటను, అమెరికా, కెనడా కూచుని ఒకే కొలతకు సంతకాలు పెట్టాయి. ఆ కొలతా అంగుళాల్లోనే. ఐరోపా ఖండం మాత్రం తన మిల్లీమీటర్లు తను వదల్లేదు.

ఆ సంతకాలకు రెండు నెలల ముందే, సెప్టెంబరు 17న, మన హైదరాబాదు సంస్థానం కథ ముగిసింది. రెండు కొలతలతో కాపురం చేయడం మనకూ అలవాటే. నిజాంగారి హాలీ రూపాయి ఒకటి, బ్రిటిషు కల్దారు రూపాయి ఒకటి. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. తరవాత 1957 ఏప్రిల్ 1 నుంచి పదహారణాల రూపాయి 100 నయాపైసలైంది. క్రమంగా సేర్లు కిలోలయ్యాయి, గజాలు మీటర్లయ్యాయి. మన అమ్మలూ అమ్మమ్మలూ కొన్నాళ్ళు తికమకపడి, ఆనక సర్దుకున్నారు.

బజారు సర్దుకుంది గాని కార్లు సర్దుకోలేదు. 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో తయారీ మొదలైన అంబాసిడరుకు పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డే ఇక్కడ అంబాసిడరైంది. దానివి అంగుళాల నట్లు. బొంబాయి కుర్లాలో తయారై, 1974 నుంచి పద్మిని పేరుతో తిరిగిన ఫియట్ ఇటలీ పిల్ల. దానివి మిల్లీమీటర్లు. 1990లలో అంబాసిడరుకే జపానువారి ఇసుజు ఇంజను పెట్టారు. అదీ మిల్లీమీటర్లే! మెకానిక్కు దగ్గర రెండు సెట్ల పానాలు ఉండాలన్నమాట. అందరి దగ్గరా ఉంటాయా? ముప్పాతిక అంగుళం నట్టుకు 19 మిల్లీమీటర్ల పానా సరిపోవడం మన అదృష్టం. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా వేస్తే జారి మూలలు అరుగుతాయి. బోల్టుదీ అదే తంతు. కొలత దగ్గరదగ్గరగా ఉన్నది రెండు చుట్లు ఎక్కుతుంది. ఎక్కింది కదా అని పానాకు ఇనప గొట్టం తగిలించి లాగితే, లోపలి గాజులన్నీ చిట్లిపోతాయి.

చిట్లిన గాజులు తిరిగి తొడిగే విద్య మా వైపుకు చక్కెరతోబాటు వచ్చింది. 1923లో మంజీర మీద మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరు నీళ్ళు తెచ్చింది. నీళ్ళు చెరుకును తెచ్చాయి. చెరుకు 1937లో బోధనుకు నిజాం షుగర్ ఫ్యాక్టరీని తెచ్చింది. ఆ పేటకు పేరే శక్కర్‌నగర్. ఆసియాలోకెల్లా పెద్ద ఫ్యాక్టరీ అని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకాడేది చలికాలం నాలుగైదు నెలలే. మిగతా రోజులన్నీ మరమ్మతులే. (మరమ్మతులో మర ఉంది గదా అని మురిసిపోకండి, అది అరబ్బీ మాట.) చెరుకును పిండే పెద్దపెద్ద రోలర్లు విప్పి, అరిగిన గాళ్ళు లేతుమీద మళ్ళీ కోయాలి. అలాంటి ఊళ్ళో చక్కెరతోబాటు ఫిట్టర్లూ టర్నర్లూ తయారవుతారు.

మా కారు చేరింది అలాంటి ఒక ఉస్తాదు దగ్గరికే. ఆయన మూడు దారులు చెప్పాడు. మొదటిది, తన గాడి తనే కోసుకుంటూ ఎక్కే లావుపాటి బోల్టు. చవక, కాని వంకరగా ఎక్కితే ఉన్నదీ పోతుంది. రెండోది, రంధ్రాన్ని ఒక సైజు పెద్దది చేసి కొత్త మర కోసి, దానికి తగ్గ బోల్టు లేతుమీద చేయించడం. మూడోది హెలికాయిల్. రంధ్రాన్ని పెద్దది చేసి అందులో ఉక్కుతీగ చుట్ట ఒకటి ఎక్కిస్తారు. లోపల పాత సైజు మర మళ్ళీ వచ్చేస్తుంది. అది అచ్చంగా గాజులు తొడగడమే. సబ్బూ గుడ్డపీలికలూ కుక్కడం నాలుగోదారి అనుకునేరు. అది దారే కాదన్నాడు.

మాకు రెండోది చేశాడు. మర కోసేటప్పుడు రాలే ఇనపరజను ఇంజనులోకి పోకుండా, కోసే పనిముట్టుకు గ్రీజు పూశాడు. కోశాక కాస్త నూనె పోసి కడిగాడు. కొత్త బోల్టును ముందు వట్టి వేళ్ళతోనే చివరిదాకా ఎక్కించి, కొత్త రాగి వాషరు వేసి, పానాతో కాస్త బిగించి ఆపేశాడు.

"ఇంకొంచెం గట్టిగా బిగించరా ఉస్తాద్?" అన్నాను.

"చాలమ్మా. నూనెను ఆపేది బలం గాదు, వాషర్" అన్నాడు.

ఆయన పని నేర్చుకున్న ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటువారి చేతికి వెళ్ళింది, 2015 డిసెంబరులో మూతపడింది. మా జిల్లాలో ఎన్నో ఇళ్ళలో లాగే ఆయన కొడుకులిద్దరూ గల్ఫులో ఉన్నారు. లేతు దగ్గర పని నేర్చుకునే కుర్రాడెవడూ నాకు కనిపించలేదు. అడిగితే, "బోల్టు కొనుక్కుంటే వస్తదమ్మా, ఇంత కష్టమెందుకంటరు" అని నవ్వాడు. కొత్త కార్లకైతే అదీ నిజమే. 2014లో తయారీయే ఆగిపోయిన అంబాసిడరుకు ఏ సైజు ఎక్కడ దొరుకుతుంది?

కనక పాత కారున్న అక్కలకూ చెల్లెళ్ళకూ ఒక మాట. నూనె మార్పించేటప్పుడు వాషరు కొత్తది వేశారా, బోల్టు ముందు వేళ్ళతో ఎక్కిందా, పానాకు గొట్టమేమైనా తగిలించారా అని మూడు ప్రశ్నలడగండి. ముగ్గుమీద చుక్క కనిపిస్తే మాత్రం వాయిదా వేయకండి. మీ ఊరి ఉస్తాదు లేతు తిరుగుతూ ఉండగానే ఆ పని కానిచ్చుకోండి.