కీలచేరి బాలికల పాఠశాల

కీలచేరి బాలికల పాఠశాల ఫిరంగిపురంలో జన్మించిన మదర్ జ్ఞానమ్మ (1822–1874) 1863లో నెలకొల్పిన కతోలిక బాలికల బడి. కీలచేరి నేటి తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాకు చెందిన గ్రామం. గుంటూరు సీమ నుంచి వలస వెళ్లిన తెలుగు కతోలిక కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఫిరంగిపురం గుంటూరు–నరసరావుపేట మార్గంలో, పల్నాడు జిల్లాకు చేరువలో ఉన్నందున, ఈ పాఠశాల చరిత్ర ఒకవైపు పల్నాటి పరిసరాలకూ మరొకవైపు తమిళనాట తెలుగువారి జీవితానికీ సంబంధించినది.

నేపథ్యం: గుంటూరు ప్రాంతపు కతోలిక సమాజం 18వ శతాబ్దంలో యేసు సభ గురువులు నడిపిన కర్ణాటక మిషను కాలంలో రూపుదిద్దుకొన్నది. జ్ఞానమ్మ గాదె ఇన్నయ్యను వివాహమాడి కీలచేరిలో కాపురముండి, భర్త మరణానంతరం బాలికల విద్యకు పూనుకొన్నది. బ్రిటిషు పాలకుల విద్యావిధానాన్ని నిర్దేశించిన 1854 నాటి వుడ్ నివేదిక స్త్రీవిద్యను ప్రోత్సహించి, ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వ సహాయధనం ఇచ్చే పద్ధతికి దారి తీసినప్పటికీ, గ్రామాలలో ఆడపిల్లల బడులు అరుదుగానే ఉండేవి. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికా పాఠశాల స్థాపించిన 1874కు 11 సంవత్సరాల ముందే కీలచేరి బడి మొదలుకావడం తెలుగువారి విద్యాచరిత్రలో గమనింపదగిన విషయం.

స్వభావం: కీలచేరి బడి పగటి బడి, అనగా బాలికలు ఇంటినుంచి వచ్చి, చదువు ముగించుకొని తిరిగి ఇల్లు చేరే బడి. పిల్లలు అక్కడే నివసించి చదువుకొనే బోర్డింగు పాఠశాలకు ఇది భిన్నమైనది. కూతురిని ఇంటికి దూరం చేయడానికీ, మగ ఉపాధ్యాయుని ఎదుట కూర్చోబెట్టడానికీ కుటుంబాలు వెనుకాడిన కాలంలో, ఊరిలోనే ఉండి స్త్రీలే బోధించే బడి ఈ రెండు అభ్యంతరాలకూ సమాధానమైనది. అయితే అటువంటి బడి నిలవాలంటే, ఇంటి బాధ్యతలకు కట్టుబడకుండా బోధనకే అంకితమయ్యే స్త్రీలు కావలసి ఉండగా, ఆ కొరతను తీర్చినవారు కన్యస్త్రీలు, అనగా బ్రహ్మచర్య, దారిద్ర్య, విధేయతా వ్రతాలు స్వీకరించి సమష్టిగా జీవించే మఠవాసినులు.

పరిణామం: జ్ఞానమ్మ కృషి నుంచి పునీత అన్నమ్మ పేరుతో మద్రాసు, ఫిరంగిపురం కేంద్రాలుగా రెండు కన్యస్త్రీల సభలు వెలిశాయి. అన్నమ్మ కతోలిక సంప్రదాయంలో మరియమాతకు తల్లి. ఆమె కుమార్తెకు పుస్తకం చూపి చదువు నేర్పుతున్నట్లు క్రైస్తవ చిత్రకారులు తరచుగా చిత్రించినందువల్ల, బాలికలకు బోధించే సభలకు ఆ పేరు ఎంతో తగినది. తరువాతి కాలంలో విదేశీ సభలు కూడా ఈ రంగంలోకి వచ్చాయి. నెదర్లాండ్సులో 1822లో స్థాపితమైన యేసు మరియ జోజప్ప సభకు చెందిన కన్యస్త్రీలు 1904లో గుంటూరు చేరి వైద్య, విద్యాసేవలు చేపట్టారు. 1940లో గుంటూరు మేత్రాసనం, అనగా బిషపు పాలనలోని మతపరమైన ప్రాంతం, ఏర్పడింది.

జ్ఞానమ్మ 1874 డిసెంబరు 21న మరణించింది. పునీత పదవికి పరిశీలించే ప్రక్రియలో తొలి మెట్టయిన ‘దైవసేవకురాలు’ అనే గౌరవనామం ఆమెకు 2014లో లభించింది.